ఒకే నీటికి నాలుగు పనులు

కరెంటు తీగ లేదు. నీటి గొట్టం లేదు. ఊరి మురుగు కాలువతోనూ సంబంధం లేదు. అయినా ఆ ఇళ్లలో దీపాలు వెలుగుతాయి, కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి, అద్దాల వసారాలో అరటిచెట్టు పెరుగుతుంది! అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో టావోస్ పట్టణం దగ్గర ఉన్నాయవి. పేరు 'ఎర్త్‌షిప్'లు.

వీటి రూపకర్త ఆర్కిటెక్టు మైకేల్ రేనాల్డ్స్. 1970ల నుంచీ ఆయనది ఒకటే పని... జనం పారేసినవాటితో ఇళ్లు కట్టడం. పాత టైర్లలో మట్టి కూరి, సమ్మెటతో దట్టించి, వరసలుగా పేరిస్తే అదే గోడ. దక్షిణం వైపు నిలువెత్తు అద్దాలు. వాటిలోంచి వచ్చే చలికాలపు ఎండ వేడిని పగలంతా దాచుకున్న గోడలు, రాత్రికి నెమ్మదిగా వదులుతాయి. కరెంటు సంగతి సౌరఫలకాలు, బ్యాటరీలు చూసుకుంటాయి.

అసలు విశేషం నీళ్లది. అక్కడ ఏడాదికి కురిసేది దాదాపు 300 మిల్లీమీటర్లే. వాన, కరిగిన మంచు కప్పు మీంచి తొట్లలోకి చేరతాయి. వడగట్టిన ఆ నీళ్లు ముందు వంటకూ స్నానానికీ. వాడిన నీళ్లు ఇంట్లోని మొక్కల మడికి. మడి దాటినవి మరుగుదొడ్డికి. చివరికి సెప్టిక్ ట్యాంకు మీదుగా పెరటి చెట్లకు!

నిబంధనలకు విరుద్ధమంటూ ఒక దశలో రేనాల్డ్స్ లైసెన్సు పోయింది. ఆయన పట్టు వదల్లేదు. 2007లో ఇలాంటి ప్రయోగాత్మక నిర్మాణాలకు వీలు కల్పిస్తూ ఆ రాష్ట్రం చట్టం చేసింది.

మరి మనకు పనికొస్తాయా? అద్దాల గోడ వద్దు. చలిదేశానికి వరమైన ఆ గోడ మన ఎండలకు ఇంటిని పొయ్యి చేస్తుంది. మనకు కావలసింది నీడ, గాలి. నేర్చుకోవాల్సింది మాత్రం నీళ్ల లెక్క. వంద చదరపు మీటర్ల కప్పు మీద టావోస్‌లో ఏటా పడేది 30 వేల లీటర్లు. సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురిసే హైదరాబాద్‌లో అదే డాబా మీద పడేది 80 వేలు! ఐదో వంతు వృథా అయిందనుకున్నా 64 వేలు మిగులుతాయి. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు 13. అన్ని నీళ్లు కాలువపాలు చేసి, వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూస్తున్నాం.

ఇల్లు కట్టాలనుకునేవారు ప్లాను గీయించేటప్పుడే మూడు విషయాలు అడగండి. డాబా నీళ్లు వడపోత దాటి సంపులోకి వెళ్తున్నాయా? సంపు నిండితే పొర్లే నీళ్లకు ఇంకుడుగుంత ఉందా? స్నానాల గది నీళ్లకు మరుగుదొడ్డితో కలవకుండా వేరే గొట్టం ఉందా? ప్లానులో అది ఒక గీత. గృహప్రవేశం అయ్యాకైతే గోడలు పగలగొట్టాల్సిందే!