నేలమీద నల్లచుక్క

రాత్రంతా నిలబడిన లారీని పొద్దున్నే నాలుగడుగులు ముందుకు కదిపితే, కింద చేటంత నల్లటి మరక. క్లీనర్ కుర్రాడు వంగి చూసి, 'ఓనరుగారూ, మళ్లీ కారుతోందండీ' అంటాడు. ఆ 'మళ్లీ' అన్న మాట చాలు... ఒక్క లారీని నమ్ముకుని పిల్లల చదువులూ ఫైనాన్సు వాయిదాలూ నెట్టుకొచ్చే ఇంట్లో ఆ పూట ముద్ద దిగదు.

విజయవాడ ఆటోనగర్‌కి ఇలాంటి పాత బండ్లు రావడం మామూలే. ఇంజన్ వెనకభాగంలో, గేర్‌బాక్స్ అతుక్కునే చోట ఆయిల్ కారుతుంటుంది. ఆరునెలల కిందటే ఎక్కడో సీలు మార్పించి ఉంటారు. మళ్లీ మొదటికొస్తుంది.

'ఆ సీలు డూప్లికేటు అయ్యుంటుంది బాబాయ్. ఒరిజినల్ తెచ్చి వేసెయ్. రేపు లోడింగుంది' అని తొందరపెడతాడు ఓనరు. అనుభవమున్న మేస్త్రీ వెంటనే పానా పట్టడు. 'సీలు సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ. ముందు బండి కడిగించుకు రా' అంటాడు.

కడిగితే కారడం ఆగుతుందా? ఆగదు. కానీ ఎక్కణ్నుంచి కారుతోందో తెలుస్తుంది. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

పెదవి చేసే పని

ఇంజన్‌లో పిస్టన్లు పైకీ కిందికీ కదులుతుంటే ఆ కదలికను గుండ్రటి తిరుగుడుగా మార్చేది క్రాంక్‌షాఫ్ట్. దాని ఒక కొస ఇంజన్ ముందునుంచీ, రెండో కొస వెనకనుంచీ బయటికొస్తాయి. వెనక కొసకే ఫ్లైవీల్, క్లచ్ బిగిస్తారు. లోపలంతా వేడి ఆయిల్. షాఫ్ట్ ఆగకుండా తిరగాలి, ఆయిల్ మాత్రం బయటికి రాకూడదు. ఈ రెంటికీ మధ్య కాపలా కాసేదే క్రాంక్ సీలు. చూడటానికి గాజులా ఉంటుంది. లోపలి అంచు మాత్రం పల్చటి పెదవిలా షాఫ్టును ముద్దాడుతూ ఉంటుంది.

దాని కష్టమెంతో లెక్కేసి చూడండి. పదమూడు సెంటీమీటర్ల వ్యాసమున్న షాఫ్ట్ నిమిషానికి 2,000 సార్లు తిరిగితే, ఆ పెదవి కింద నుంచి ఉక్కు గంటకు దాదాపు 49 కిలోమీటర్ల వేగంతో జారిపోతుంటుంది. పది గంటల ప్రయాణంలో ఆ పెదవి ఉన్నచోటే ఉండి 490 కిలోమీటర్ల రాపిడి భరిస్తుందన్నమాట!

పూర్వం చాలా ఇంజన్లలో ఈ పనికి గ్రాఫైట్ పట్టించిన తాడును రెండు ముక్కలుగా గాడిలో కూరేవారు. తర్వాత రబ్బరు సీళ్లొచ్చాయి. ఆ తర్వాత టెఫ్లాన్ పెదవి ఉన్నవి వచ్చాయి. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త అనుకోకుండా కనిపెట్టిన పదార్థమది. వంటింట్లో దోసె అంటుకోని నాన్‌స్టిక్ పెనం మీద ఉండేదీ అదే!

దొంగ ఎవరు?

వెనక ఆయిల్ కనిపించిన ప్రతిసారీ దోషి సీలే కాదు. పైన ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ పాడైతే ఆ ఆయిల్ ఇంజన్ ఒంటిమీదుగా జారి వెనక్కే చేరుతుంది. కింద ఛాంబర్ ప్యాకింగ్ కారినా అంతే. గేర్‌బాక్స్ ముందు సీలు పోతే వచ్చేది అసలు ఇంజనాయిలే కాదు, గేర్ ఆయిల్. అది చిక్కగా ఉంటుంది, ఘాటైన గంధకం వాసనేస్తుంది. పాత డీజిల్ బండిలో ఇంజనాయిల్ మసితో నల్లగా ఉంటుంది. వేలితో తీసి వాసన చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

అందుకే కడిగించి, ఆరబెట్టి, కాసేపు నడిపి, టార్చిలైటుతో పైనుంచి కిందికి వెతకాలి. తడి మొదలైన చోటే దొంగ ఉన్న చోటు. ఈ గంటసేపటి ఓపిక లేకపోతే గేర్‌బాక్స్ దించిన కూలీ మొత్తం దండగే.

'చుక్కే కదా, పోతే పోనీ' అనడానికీ లేదు. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే, నిమిషానికో చుక్క చొప్పున రోజుకు 72 మిల్లీలీటర్లు. నెలకు రెండు లీటర్ల పైమాటే. అంతకన్నా పెద్ద ముప్పు క్లచ్‌కి. ఆయిల్ తగిలిన క్లచ్ ప్లేటు జారుతుంది. లోడుతో ఘాటెక్కుతుంటే ఇంజన్ అరుస్తుంది గానీ బండి కదలదు. వెనకాల వాహనాల వరస... అది డ్రైవరుకు ప్రాణసంకటం.

ఊపిరాడని ఇంజన్

ఆరునెలలకే కొత్త సీలు కారిందంటే మేస్త్రీ మొదట అనుమానించాల్సింది సీలును కాదు, ఇంజన్ ఊపిరిని. పిస్టన్ రింగుల పక్కనుంచి కొద్దిగా గ్యాసు కిందికి దిగడం ఏ ఇంజన్‌లోనైనా సహజమే. షెడ్లలో దీన్నే 'బ్యాక్ కంప్రెషన్' అంటారు. ఆ గ్యాసు బయటికి పోవడానికి బ్రీదర్ గొట్టం ఉంటుంది. అది మసీ జిడ్డూ పట్టి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి ఎటు బలహీనంగా ఉంటే అటు ఆయిల్‌ను నెడుతుంది. పాపం, ఆ బలహీనమైన చోటు చాలాసార్లు సీలే.

బ్రీదర్ ఊడదీసి శుభ్రం చేయడానికి పెద్ద ఖర్చేమీ ఉండదు. శుభ్రం చేశాక కూడా అందులోంచి పొగ బుసలు కొడుతుంటే మాత్రం రింగులూ బోర్లూ అరిగాయని అర్థం. అప్పుడు ఎంత మంచి సీలు వేసినా తాత్కాలికమే. ఆ మాట ఓనరుకు ముందే చెప్పే మేస్త్రీ ఆ పూటకు బేరం పోగొట్టుకోవచ్చు. నమ్మకం మాత్రం సంపాదించుకుంటాడు.

గోరు చెప్పే నిజం

సీలు చిన్నదే, దాన్ని చేరుకోవడమే పెద్ద పని. చక్రాలకు అడ్డు పెట్టి, బ్యాటరీ తీగ విప్పి, ప్రొపెల్లర్ షాఫ్ట్ తీసి, బరువైన గేర్‌బాక్స్‌ను జాకీ మీద జాగ్రత్తగా వెనక్కి జరపాలి. వట్టి జాకీని నమ్మి దానికింద పడుకోవడమంటే ప్రాణాన్ని పణంగా పెట్టడమే. స్టాండ్లు తప్పనిసరి. తర్వాత క్లచ్, ఆపైన ఫ్లైవీల్. దాన్ని ఇద్దరు పట్టుకుని దించాలి.

పాత సీలును స్క్రూడ్రైవర్‌తో పెకలించడం చాలామంది చేసే తప్పు. షాఫ్ట్ మీద చిన్న గీత పడినా కొత్త సీలు అక్కడే కారుతుంది. సీలు ఇనుప అంచుకు రెండు చిన్న రంధ్రాలు చేసి, స్క్రూలు దింపి, వాటిని పట్టుకుని లాగడం మేలు. ఇనుపరజను లోపల పడకుండా చూసుకోవాలి.

ఇప్పుడు అసలు పరీక్ష. షాఫ్ట్‌ను తుడిచి, సీలు పెదవి ఆనిన చోట గోరు అడ్డంగా గీసి చూడాలి. గోరు తట్టుకుందా, గాడి పడినట్టే. మెత్తటి పెదవి ఏళ్ల తరబడి దుమ్ముతో కలిసి రాస్తే ఉక్కు కూడా అరుగుతుంది. 'రాపిడికి రాయైనా అరుగుతుంది' అనుకోవాల్సిందే.

'క్రాంకు దించాలా బాబాయ్?' ఓనరు గొంతు వణుకుతుంది. క్రాంకు దించడమంటే ఇంజన్ మొత్తం విప్పడమే. వారాల తరబడి బండి షెడ్డులో, వాయిదాలు నెత్తిమీద.

అన్నిసార్లూ అక్కర్లేదు. గాడి లోతు తక్కువైతే కొత్త సీలును కొద్దిగా లోపలికో బయటికో జరిపి, పెదవి అరగని చోట ఆనేలా కూర్చోబెట్టొచ్చు. అలా వీల్లేకపోతే షాఫ్ట్ కొసకు పల్చటి ఉక్కు స్లీవ్ తొడుగుతారు. కొన్ని ఇంజన్లకు స్లీవ్‌తోపాటు దానికి తగిన సీలు కూడా దొరుకుతుంది. కానీ షాఫ్ట్‌ను పట్టి కదిపితే పైకీ కిందికీ ఆడుతోందంటే, అది బేరింగుల అరుగుదల. దానికి స్లీవూ మందు కాదు.

ఆయిల్ రాయాలా, వద్దా?

చేయి తిరిగినవాళ్లు కూడా పొరబడేది ఇక్కడే. రబ్బరు పెదవి సీలుకు బిగించేముందు కాస్త ఆయిల్ రాస్తారు. టెఫ్లాన్ సీలుకు ఆ అలవాటు పనికిరాదు. 1990ల నుంచి మన రోడ్లమీద తిరిగిన టాటా 1613 లాంటి లారీల్లో ఉన్న ఆరు సిలిండర్ల కమిన్స్ ఇంజన్ సంగతే తీసుకుంటే, దాని టెఫ్లాన్ వెనక సీలును పూర్తిగా పొడిగా బిగించాలి. షాఫ్ట్ మీద జిడ్డు చుక్క కూడా ఉండకూడదు. ఆ పెదవి తనలోని పదార్థాన్ని సన్నటి పొరగా షాఫ్టుకు అంటించుకుంటుంది. మధ్యలో ఆయిల్ ఉంటే ఆ పొర ఏర్పడదు. సీలుతో వచ్చే ప్లాస్టిక్ తొడుగును షాఫ్ట్ మీద ఉంచి, దాని మీదుగా జార్చాలి. ఒకవైపు సుత్తితో కొట్టకుండా చుట్టూ సమంగా దింపాలి.

ఆయిల్ తాగిన క్లచ్ ప్లేటును పెట్రోలుతో కడిగి మళ్లీ వేసేయడం ఇంకో పొరపాటు. వేడెక్కగానే లోపలి జిడ్డు మళ్లీ బయటికొస్తుంది. ఎలాగూ విప్పారు కాబట్టి రిలీజ్ బేరింగ్, గేర్‌బాక్స్ ముందు సీలు కూడా అప్పుడే చూసుకోవాలి. ఫ్లైవీల్ బోల్టులను కంపెనీ చెప్పిన కొలత ప్రకారం టార్క్ పానాతో, ఎదురెదురుగా బిగించాలి.

అన్నీ అయ్యాక బండి స్టార్టు చేసి, ఓ చుట్టు తిప్పి, రాత్రికి కింద అట్టముక్క పరిచి వదిలేస్తారు. తెల్లారేసరికి అది పొడిగా ఉంటే... ఇంటినుంచి వచ్చే ఫోనుకు ఓనరు 'ఆగింది' అని ఒక్కమాట చెబుతాడు. ఆ ఒక్కమాటకే అటువైపు ఇల్లంతా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటుంది.

లారీ లేనివాళ్లకూ ఇందులో ఓ పాఠముంది. చుక్క కనబడగానే భాగం మార్చేయడం కాదు, కారణం వెతకాలి. ఈ రాత్రికి మీ బండి కింద ఓ పాత పేపరు పరిచి చూడండి. పొద్దున్నే అదే చెబుతుంది.