జాలర్ల ఊరికి చేపరసం

ఉప్పాడ జాలరికి ఎవరైనా చేపలు అమ్మబోతే ఊరంతా నవ్వుతుంది. దాదాపు రెండు వేల ఏళ్ల క్రితం వీరాంపట్టినం దగ్గర సరిగ్గా అలాంటి బేరమే జరిగింది. పుదుచ్చేరికి దక్షిణాన, ఓ పక్క సముద్రం, మరో పక్క అరియాంకుప్పం నది ఉన్న జాలరి ఊరిది. నేటికీ ఇక్కడి ఇసుక మీద పడవలూ వలలే. అలాంటి చోటికి మధ్యధరా తీరం నుంచి వచ్చిన సరకుల్లో చేపరసం కూడా ఉంది.

దాని పేరు గారమ్. చిన్న చేపలు, చేపల పేగులు ఉప్పులో వేసి నెలల తరబడి ఎండలో మాగబెట్టి, ఊరిన రసాన్ని వడకట్టేవారు. తయారయ్యే చోట కంపు దుర్భరం. రోమన్ల వంటింట్లో మాత్రం అది లేనిదే పూట గడిచేది కాదు. అత్తర్లను మినహాయిస్తే అంత ఖరీదైన ద్రవం మరొకటి లేదన్నాడు మొదటి శతాబ్దపు రచయిత ప్లినీ. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్సుల రోమన్ డబ్బు లాగేసుకుంటోందని వాపోయిందీ ఆయనే.

ఈ రుచి సంగతి బయటపెట్టింది శాసనాలు కాదు, పగిలిన జాడీ పెంకులు. రెండు పిడులతో, సన్నని మెడతో ఉండే ఈ జాడీలను ఆంఫొరాలంటారు. ఆవకాయ జాడీనీ, నేతి గిన్నెనూ చూడగానే గుర్తుపట్టినట్టే, వాటి ఆకారాన్ని బట్టి ఎక్కడివో, ఏం మోశాయో నిపుణులు చెప్పగలరు. అమెరికా పరిశోధకురాలు ఎలిజబెత్ లైడింగ్ విల్ పరిశీలనలో ఎక్కువ పెంకులు గ్రీకు ద్వీపం కోస్ తరహా ద్రాక్షసారా జాడీలవని తేలింది. ఆలివ్ నూనెవి కొన్ని. స్పెయిన్ వైపు నుంచి వచ్చిన గారమ్ జాడీలు మరికొన్ని.

ఇవన్నీ దొరికింది ఊరి పక్కనే, నది ఒడ్డున ఉన్న అరికమేడు దిబ్బలో. దాన్ని చూసినవాళ్లు తక్కువేం కాదు. శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటడం చూద్దామని వచ్చిన ఫ్రెంచి ఖగోళవేత్త లె జాంతీ, ఇక్కడి జనం పాత ఇటుకలు తవ్వుకోవడాన్ని ప్రస్తావించాడు. 1769 జూన్‌లో మబ్బులు కమ్మి ఆకాశం ఆయనకు మొండిచెయ్యి చూపింది. కాళ్ల కింది వింత మరో శతాబ్దంన్నరకు పైగా నిద్రపోయింది. 1937లో జూవో దుబ్రెయ్ ఊరి పిల్లల దగ్గర పూసలు, రత్నాలు కొన్నాడు. 1944లో పురావస్తు శాఖ అధిపతి మార్టిమర్ వీలర్ మద్రాసు మ్యూజియం అల్మరాలో ఓ ఆంఫొరా మెడను చూసి ఉలిక్కిపడ్డాడు. అది ఎక్కడిదో ఆరా తీసి, అప్పటికింకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న పుదుచ్చేరికి పరుగు తీశాడు.

1945 తవ్వకాల్లో ఇటలీలోని అరెజ్జో ఎర్ర పళ్లేల ముక్కలు దొరికాయి. వాటి కాలం తెలుసు. కాబట్టి అదే పొరలో పడున్న మన కుండల కాలమూ తెలిసింది. దక్షిణాది ప్రాచీన చరిత్రకు తేదీలు వేసే వీలు అలా చిక్కింది. చుక్కల వలయాలున్న రూలెటెడ్ పళ్లేలు మన అమరావతి, శాలిహుండంలలోనూ దొరికాయి. వాటికీ ఈ లెక్కే ఆసరా అయింది.

కానీ వీలర్ ఓ పొరపాటు చేశాడు. రోమన్ సరకు కనిపించేసరికి రేవు పుట్టుకనే రోమన్ వర్తకానికి కట్టబెట్టాడు. 1989-92 మధ్య విమలా బెగ్లీ బృందం మళ్లీ తవ్వితే, రోమన్ వర్తకం ఊపందుకోక ముందే ఇక్కడ జనం స్థిరపడ్డారని తేలింది. రూలెటెడ్ పళ్లేలూ ఈ దేశపు మట్టివే. పూసలు చేసి దేశదేశాలకు పంపిన ఊరికి అతిథులు వచ్చారే తప్ప, అతిథులు వచ్చి ఊరు కట్టలేదు.

మరి ఆ చేపరసం ఎవరి కంచంలోకి? యవనుల సారా తమిళ రాజులకు ప్రీతిపాత్రమని సంగం కవిత్వమే చెబుతుంది. గారమ్ మాత్రం బహుశా ఇల్లు విడిచి వచ్చిన వర్తకుల కోసమే. ఎదురుగా సముద్రం నిండా చేపలున్నా నాలుక ఇంటి రుచే అడుగుతుంది. అమెరికా విమానం ఎక్కే తెలుగువారి సూట్‌కేసులో ఆవకాయ ఉన్నట్టే.

నేడు అరికమేడులో కంటికి ఆనే పాత గోడ 18వ శతాబ్దపు ఫ్రెంచి మిషనరీలది. అసలు చరిత్ర మట్టిలోనే ఉంది. సరదాకి ఓ పూసో పెంకో జేబులో వేసుకున్న సందర్శకుడికి మిగిలేది ఒట్టి పెంకే. పొరలోంచి బయటికొస్తే అది ఏ కాలానిదో, దాని పక్కన ఏముండేదో చెప్పే సాక్ష్యం పోతుంది. జాడీ పగిలినా రెండు వేల ఏళ్లు నిలిచిన కబురు, ఓ జేబులో చేరితే ఆ పూటే మాయం.