ఐరోపాలో రూపు దొంగలకు కళ్లెం - మన అద్దకం వారికీ ఒక పాఠం

పెడన (మా గ్రామీణ విలేఖరి):

ఒక గాయని కాలికి తొడిగిన బూట్లు ఒక పెద్ద కంపెనీ హక్కును ఊడగొట్టాయి. ఈ వింత జరిగింది ఐరోపాలో. గాయని పేరు రిహానా. బూట్లు ప్యూమా కంపెనీవి. 2024 మార్చి 6న ఐరోపా సమాఖ్య జనరల్ కోర్టు ఈ కేసులో తీర్పు చెప్పింది. ఎక్కడి ఐరోపా, ఎక్కడి కృష్ణా జిల్లా అని కొట్టి పారేయడానికి వీలులేదు. టేకు చెక్క మీద కొత్త అచ్చు దింపినవాడికంటే, దాన్ని చూసి స్క్రీన్ కొట్టినవాడే ముందు బజారుకు చేరుతున్నాడన్న బాధ అద్దకం పనివారిలో ఉంది. సరిగ్గా ఆ బాధకే ఐరోపా వారు ఒక చట్టం మందు కనిపెట్టారు. ఆ మందు ఎంతవరకు పనిచేస్తోంది, మనకు అందులో ఏముంది అన్నది తెలుసుకోదగిన సంగతి.

రూపు హక్కు అంటే?

కొత్తగా పనిచేసే యంత్రానికి ఇచ్చేది పేటెంటు. సరుకు పేరుకు, గుర్తుకు ఇచ్చేది ట్రేడ్‌మార్కు. కంటికి కనిపించే ఆకారానికి, గీతలకు, రంగులకు, అలంకారానికి ఇచ్చేది డిజైన్ హక్కు. కుండ నీళ్లు చల్లబరచడం దాని పని. దాని మెడ వంపు, ఒంటి మీది పూలతీగ దాని రూపు. డిజైన్ హక్కు ఆ రూపుకే గాని నీళ్లు చల్లబరచే గుణానికి కాదు. పనికోసమే తప్పనిసరిగా వచ్చిన ఆకారానికి కూడా ఈ హక్కు వర్తించదు.

ఐరోపా సమాఖ్యలో 27 దేశాలున్నాయి. వాటన్నింటికీ కలిపి ఒకే దరఖాస్తుతో రూపును రిజిస్టరు చేసుకునే చట్టం 2002లో అమలులోకి వచ్చింది. 2003 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్లు మొదలయ్యాయి. స్పెయిన్ దేశంలోని అలికాంతే పట్టణంలో ఇందుకు కార్యాలయం ఉంది. ఒకసారి రిజిస్టరు చేస్తే 5 సంవత్సరాలు చెల్లుతుంది. ఐదేళ్లకొకసారి ఫీజు కడుతూ పోతే మొత్తం 25 సంవత్సరాల దాకా హక్కు నిలుస్తుంది.

షరతులు రెండే. రూపు కొత్తది కావాలి. అంతకుముందున్న వాటికంటే వేరుగా కనపడాలి. వేరుగా ఉందా లేదా అని చూడటానికి కోర్టు మనసులో ఒక మనిషిని ఊహించుకుంటుంది. అతడు ఆ విద్యలో పండితుడు కాడు, ఏమీ తెలియనివాడూ కాడు. పది కొట్లు తిరిగి చీర ఎంచుకునే ఇల్లాలి వంటివాడన్న మాట. అటువంటి మనిషికి రెండు వస్తువులు చూడగానే ఒకటేనని తోస్తే హక్కు లేదు.

ఇక్కడొక మెలిక ఉంది. దరఖాస్తు వచ్చినపుడు రూపు నిజంగా కొత్తదా అని అలికాంతే కార్యాలయం వెతికి చూడదు. కాగితాలు సరిగా ఉంటే రిజిస్టరు చేస్తుంది. తర్వాత ఎవరైనా వచ్చి ఇది పాతదేనని రుజువు చేస్తే కొట్టివేస్తుంది. అంటే సర్టిఫికెట్ చేతిలో ఉన్నంత మాత్రాన గెలిచినట్టు కాదు.

పట్టించిన ఫోటో

ప్యూమాకు జరిగింది ఇదే. ఆ బూట్ల రూపుకోసం కంపెనీ 2016 జూలైలో దరఖాస్తు పెట్టింది. రిజిస్ట్రేషను వచ్చింది. తర్వాత ఒక డచ్చి సంస్థ అభ్యంతరం తెలిపింది. 2014 డిసెంబరులోనే రిహానా అటువంటి బూట్లు తొడుక్కున్న ఫోటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో వచ్చాయని చూపించింది. ఆనాడు ఆ బూట్లను ఎవరు గమనించి ఉంటారని కంపెనీ వాదించింది. అంత పేరున్న గాయని ఏం తొడుక్కున్నదో ఆమె అభిమానులు, ఫ్యాషన్ రంగంవారు గమనించకుండా ఉండరని కోర్టు తేల్చింది.

ఐరోపా చట్టం ప్రకారం రూపును బయటపెట్టిన తర్వాత 12 నెలల్లోగా యజమాని దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ గడువు దాటితే తన వస్తువే తనకు అడ్డు తగులుతుంది. ప్యూమా ఏడాదిన్నర ఆలస్యం చేసింది. తన ప్రచారమే తనకు చేటు తెచ్చింది.

రబ్బరు చెప్పుల వంటి పాదరక్షలు అమ్మే క్రాక్స్ కంపెనీదీ ఇదే కథ. 2018 మార్చి 14న వచ్చిన తీర్పులో ఆ కంపెనీ హక్కు పోయింది. 2002లో అమెరికాలోని ఒక పడవల ప్రదర్శనలో అవి కనిపించాయి. దరఖాస్తుకు లెక్కలోకి వచ్చిన తేదీ 2004 మే 28. అమెరికాలో చూపించినా ఐరోపాలోని వ్యాపారులకు తెలిసే వీలుందని కోర్టు అన్నది. సముద్రం అడ్డున్నా లెక్క లెక్కే.

రిజిస్టరు చేయకపోయినా కొంత రక్ష

ఏటా వందల నమూనాలు మార్చేవారికి ప్రతిదానికీ ఫీజు కట్టడం సాధ్యం కాదు. అటువంటి వారికోసం ఐరోపా చట్టంలో మరొక సదుపాయం ఉంది. దరఖాస్తు లేకుండానే, రూపు ఐరోపాలో మొదట బయటపడిన నాటినుంచి 3 సంవత్సరాలు రక్షణ ఉంటుంది. అయితే ఎదుటివాడు చూసి కాపీ కొట్టాడని తేలాలి. తనంతట తానుగా అటువంటిదే చేసినవాడిని పట్టుకోవడం కుదరదు.

ఐర్లండులో కారెన్ మిలెన్ అనే బట్టల సంస్థ ఈ దారినే పోరాడింది. 2005లో అది ఒక చారల చొక్కా, ఒక నల్లని అల్లిక పైవస్త్రం అమ్మకానికి పెట్టింది. డన్స్ స్టోర్స్ అనే మరో సంస్థ వాటిని కొని, చూసి చేయించి, తన కొట్లలో అమ్మింది. కాపీ కొట్టామని ఒప్పుకుంటూనే, ఇందులో గీత ఒకచోటిది, రంగు మరోచోటిది, అన్నీ పాతవేనని వాదించింది. 2014 జూన్ 19న ఐరోపా న్యాయస్థానం దీన్ని తోసిపుచ్చింది. పాత వస్తువును దేనికది పక్కన పెట్టి పోల్చాలిగాని, పది పాతవాటిలోంచి పది ముక్కలు ఏరి తెచ్చి పోల్చకూడదని చెప్పింది. తెలిసిన రంగులతోనే, తెలిసిన తీగెలతోనే కొత్త కూర్పు చేసే ప్రతి చేతిపనివాడికీ ఇది ఊరట కలిగించే మాట.

కొత్త చట్టం తెచ్చిన మార్పులు

ఇదిలా ఉండగా పాత చట్టాన్ని సవరిస్తూ 2024లో కొత్త చట్టం చేశారు. 2025 మే 1 నుంచి మొదటి విడత అమలులోకి వచ్చింది. రెండవ విడతకు 2026 జూలై 1 గడువు పెట్టారు. కంప్యూటరు తెర మీది రూపులకూ రక్షణ స్పష్టం చేశారు. వస్తువును పొరలు పొరలుగా ముద్రించే త్రీడీ యంత్రాలకోసం నమూనా ఫైలు పంచడం కూడా నేరుగా హక్కు భంగంగా చేర్చారు. రిజిస్టరు అయిన వస్తువు మీద వలయంలో డి అక్షరం వేసుకోవచ్చు.

విడిభాగాల సంగతి ముఖ్యమైనది. కారు తలుపు, బానెట్ వంటివి మొదటి రూపులోనే ఉండక తప్పదు. రూపు హక్కు పేరుతో కంపెనీయే వాటిని అమ్మాలంటే ధర దానిష్టం అవుతుంది. అందుకే మరమ్మతుకోసం అదే రూపులో వేరేవారు చేసి అమ్మినా తప్పులేదని, అయితే ఎవరు చేసిందో కొనేవారికి తెలియజేయాలని చట్టం చెబుతోంది. హక్కుకు హద్దు కూడా ఉండాలన్న ఈ ఆలోచన మెచ్చుకోదగినది.

ఇక ఫీజులు. దరఖాస్తుకు 350 యూరోలు. మన డబ్బులో ముప్పై వేల రూపాయలకు పైమాటే. పొడిగింపు ఫీజులు నాలుగు విడతలకు 150, 250, 400, 700 యూరోలు. 25 సంవత్సరాలు నిలుపుకోవాలంటే మొత్తం 1,850 యూరోలు. పొడిగింపులకు పాత ఫీజు నాలుగూ కలిపి 540 యూరోలే. ఇప్పుడది 1,500 అయింది. ఆపైన వ్యాజ్యం పడితే వకీళ్ల ఖర్చు వేరు. చట్టం అందరిదీ అంటారుగాని గట్టిగా వాడుకునేది డబ్బున్న కంపెనీలేనన్న విమర్శ ఇందుకే నిలుస్తుంది.

మన చట్టం మాటేమిటి?

మనకు 2000 సంవత్సరపు డిజైన్ల చట్టం ఉంది. కార్యాలయం కలకత్తాలో ఉంది. హక్కు 10 సంవత్సరాలు, ఫీజు కడితే మరో 5. వ్యక్తులకు దరఖాస్తు ఫీజు 1,000 రూపాయలు. కాని ఐరోపాకూ మనకూ మూడు పెద్ద తేడాలున్నాయి.

మొదటిది, ఐరోపాలో ఉన్న 12 నెలల వెసులుబాటు సాధారణంగా మనకు లేదు. దరఖాస్తుకు ముందే నమూనా బయటపడితే హక్కు పోయినట్టే. కొత్త అచ్చు అద్దిన గుడ్డ ఫోటో పదిమంది చూసేలా ఫోనులో పెట్టేవారు ఇది గుర్తుంచుకోవాలి.

రెండవది, రిజిస్టరు చేయని రూపుకు మూడేళ్ల రక్షణ మన దగ్గర లేదు. కాపీరైటు ఉంది గదా అనుకుంటే, రిజిస్టరు కాదగిన డిజైనును రిజిస్టరు చేయకుండా పారిశ్రామిక పద్ధతిలో 50 కంటే ఎక్కువసార్లు తయారుచేస్తే ఆ కాపీరైటూ ఆగిపోతుంది.

మూడవది, డబ్బిచ్చి మరొకరికోసం గీయించిన నమూనాకు మన చట్టంలో యజమాని గీసినవాడు కాడు, గీయించుకున్నవాడు. ఐరోపాలో జీతానికి పనిచేసే ఉద్యోగి విషయంలోనే హక్కు యజమానికి పోతుంది. షావుకారుకు అచ్చు చెక్కి ఇచ్చేవారు ఈ తేడాను ముందే తెలుసుకుని, మాట కాగితం మీద రాయించుకోవడం మంచిది.

తాతల నాటి సొత్తు

జీవవృక్షం, నెమలి, మామిడిపిందె వంటి పాత రూపులు కొత్తవి కావు. వాటిని ఎవరూ తమ సొంతమని రిజిస్టరు చేసుకోలేరు. వాటికి భౌగోళిక గుర్తింపే దారి. మచిలీపట్నం కలంకారీకి మన దేశంలో ఆ గుర్తింపు ఉంది. ఐరోపాలో ఇంతకాలం ఈ ఉమ్మడి గుర్తింపు ద్రాక్షసారా, జున్ను వంటి తిండి, పానీయాల సరుకులకే ఉండేది. చేతిపనులకూ దాన్ని వర్తింపజేస్తూ 2023లో చేసిన చట్టం 2025 డిసెంబరు 1 నుంచి అమలయింది. బయటి దేశాల పనివారి సంఘాలు కూడా, తమ దేశంలో గుర్తింపు ఉంటే, అక్కడ దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే ఇది పేరుకు రక్షణ ఇస్తుందిగాని, నమూనాను మరో పేరుతో ముద్రించేవాడిని ఆపదు.

ఒక చరిత్ర చెప్పుకోవాలి. 17వ శతాబ్దంలో మన రేవుల నుంచి అద్దకం బట్టలు ఓడలెక్కి ఐరోపా చేరాయి. అక్కడి జనం వాటిమీద ఎంతగా ఎగబడ్డారంటే, తమ నేతగాళ్లు దెబ్బతింటారని ఫ్రాన్సు 1686లో అద్దకం బట్టలను నిషేధించింది. 1700లో, 1721లో ఇంగ్లండు కూడా నిషేధాలు పెట్టింది. ఈలోగా ఆ విద్యను వారు నేర్చుకున్నారు. 1787లో ఇంగ్లండు తన అద్దకం నమూనాలకు రెండు నెలల రక్షణ ఇస్తూ చట్టం చేసింది. ఆ దేశపు డిజైన్ల చట్టాలకు అదే మొదలు. మన బట్టను చూసి నేర్చినవారు తమ నమూనాకు ముందుగా కంచె కట్టుకున్నారు. మనం కట్టుకోలేదు.

ఇప్పుడు చేయవలసింది పెద్ద పనేమీ కాదు. కొత్త అచ్చు దింపినపుడు తేదీ వేసి ఒక గుడ్డముక్క దాచుకోవాలి. పదిమందికీ చూపించక ముందే దరఖాస్తు సంగతి తేల్చుకోవాలి. విడిగా చేతగాని పనిని సహకార సంఘాల ద్వారా చేయాలి. చేనేత, హస్తకళల శాఖల అధికారులు కలంకారీ కేంద్రాలకు వచ్చి దరఖాస్తులు నింపించి పంపితే వెయ్యి రూపాయల ఫీజు పనివాడికి భారం కాదు. బజారుకు నమూనా చేరాక ఎవరు ఏడ్చినా లాభం లేదన్నది ప్యూమా అంతటి కంపెనీకే తెలిసివచ్చిన నిజం.