చీటీ మీద ఆఖరి తేదీ ఏదీ?

చంద్రగిరి చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికైనా క్యాన్సరని తేలితే దారులు రెండే. ఒకటి తిరుపతి దారి. స్విమ్స్, రుయా, 2022లో మొదలైన టాటా క్యాన్సర్ ఆసుపత్రి అటే ఉన్నాయి. రెండోది చిత్తూరు మీదుగా రాయవేలూరు పోయే దారి. ఎటు పోయినా, జబ్బు ముదిరి ‘ఇంక ఇంటి దగ్గరే చూసుకోండి’ అన్న మాట విన్నాక తిరుగు బస్సులో వెంట వచ్చేవి ఒకటే తీరు: స్కాన్ ఫిల్ములు, లావుపాటి ఫైలు, మందుల కవరు. ఆ కవర్లో చాలాసార్లు ఒక చిన్న మాత్ర ఉంటుంది. పేరు డెక్సామెథసోన్, ఒక స్టిరాయిడ్. మందుల షాపులో ‘డెక్సా’ అంటే చాలు.

చిన్నదే గానీ ఘాటైంది. ముప్పావు మిల్లీగ్రాము డెక్సా అయిదు మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ అనే మరో స్టిరాయిడ్‌కు సమానం. అది వేసుకున్న ఇంట్లో ఏం జరుగుతుందో చూసినవాళ్లు మరిచిపోరు. వారం రోజులుగా గంజి కూడా వద్దని గోడవైపు తిరిగి పడుకున్న పెద్దాయన రెండో రోజో మూడో రోజో లేచి కూర్చుంటాడు. సంగటి ముద్ద అడుగుతాడు. మనవడిని పిలిచి బడి సంగతులు కనుక్కుంటాడు. ‘నాయనకు మందు పట్టింది’ అని కొడుకు చుట్టాలందరికీ ఫోన్లు చేస్తాడు.

మందు పట్టిన మాట నిజమే. గడ్డ మాత్రం ఉన్నచోటే ఉంది. డెక్సా లాగేసింది గడ్డ చుట్టూ చేరిన వాపును. మెదడుకు పాకిన క్యాన్సర్‌లో తలనొప్పి, వాంతులు చాలావరకు ఆ వాపు వల్లే. అమెరికాలోని మినెసోటాలో గాలిసిచ్, ఫ్రెంచ్ అనే వైద్యులు 1961లో ఈ సంగతి బయటపెట్టారు. ఆనాటి నుంచి మెదడు వాపుకు దీన్ని మించిన మాత్ర రాలేదు. కాలేయం ఉబ్బి పైపొర సాగినప్పటి నొప్పికీ, పేగు మూసుకుపోయినప్పుడూ డాక్టర్లు దీన్నే ఆశ్రయిస్తారు. వెన్నుపూసల్లో గడ్డ పెరిగి వెన్నుపామును నొక్కినప్పుడైతే గంటలు లెక్కపెట్టుకోవాలి. నడుము నొప్పి పడుకుంటే ఎక్కువవుతూ కాళ్లు తడబడుతుంటే ఆ పూటే ఆసుపత్రికి చేరాలి. రేడియేషన్ అందేదాకా కాళ్లను నిలబెట్టే ఆసరా డెక్సానే. నడుస్తూ వెళ్లినవాళ్లలో ఎక్కువమంది నడక దక్కించుకుంటారు. కాళ్లు పూర్తిగా పడిపోయాక వెళ్లినవాళ్లకు ఆ భాగ్యం అరుదు.

ఇంత మంచి మందు పేరు చెబితే మన జనానికి హడల్. ‘స్టిరాయిడ్స్ ఇచ్చారంట’ అన్న మాట ఇంట్లో పడితే, అడగకుండానే మాత్రలు చెత్తబుట్టలో వేసే బంధువు ఒకరు తయారవుతారు. విచిత్రమేమంటే ఆ బంధువే జ్వరానికో మోకాళ్ల నొప్పులకో ఊళ్లో వైద్యం చేసే మనిషి దగ్గర సూది పొడిపించుకుని, సాయంత్రానికల్లా తేలికపడి, ‘ఆయన చెయ్యి మంచిది’ అని పొగిడి ఉంటాడు. ఆ సూదిలో చాలాసార్లు ఉండేది డెక్సానే. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందు ఇది. ఆ నిబంధన డబ్బా మీద ఎర్రగీతగా ఉండిపోయింది.

ఈ సంబరం, ఈ బెడద రెండూ కొత్తవి కావు. 1948లో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక మహిళకు కార్టిజోన్ అనే స్టిరాయిడ్ ఇచ్చింది. రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్, కెండల్, రైక్‌స్టైన్‌లకు నోబెల్ వచ్చింది. ఉబ్బిన మొహాలు, పలచబడిన ఎముకలు, అదుపు తప్పిన మనసులు కూడా డాక్టర్ల కంటపడటానికి ఎక్కువ కాలం పట్టలేదు.

ముదిరిన క్యాన్సర్‌లో ఈ మందు ఎంతవరకు పనికొస్తుందో కొలిచి చూసినవాళ్లున్నారు. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ ఆసుపత్రిలో ఎన్నూరాజలింగం, బ్రుయేరా బృందం పూటకు నాలుగు మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు 14 రోజులు ఇచ్చి, ఉత్తుత్తి మాత్రతో పోల్చి, నీరసం బాగా తగ్గిందని 2013లో ప్రచురించింది. గమనించాల్సింది ఆ 14 రోజుల లెక్క. ఆకలి కూడా అంతే, కొన్ని వారాల ముచ్చట. ఆయాసం సంగతి వేరు. అదే ఆసుపత్రిలో డేవిడ్ హుయి బృందం 128 మందిని రెండు జట్లుగా చేసి పరీక్షించి, ఎక్కువ మోతాదు డెక్సా ఆయాసాన్ని ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా తగ్గించలేదని, దుష్ఫలితాలు మాత్రం పెరిగాయని 2022లో తేల్చింది. మనిషి రొప్పుతుంటే ‘ఏదో ఒకటి’ అని డెక్సా రాసే అలవాటును ఇక మానుకోవాలి.

అసలు చిక్కు మూడు వారాలు దాటాక మొదలవుతుంది. ఆకలి కోసం ఇచ్చిన మందు వల్లే నోట్లో తెల్లటి పూత లేస్తుంది. ముద్ద మింగుడుపడదు. ‘జబ్బు గొంతుకొచ్చింది’ అని ఇంట్లోవాళ్లు ఏడుస్తారు. అది ఫంగస్, మామూలు మందుతో పోయేది. తొడల్లో సత్తువ పోయి పెద్దాయన దొడ్డికి కూర్చుంటే లేవలేడు. దాన్నీ జబ్బు ఖాతాలోనే రాస్తారు. మాత్ర రాత్రి అన్నం తిన్నాక వేస్తే తెల్లవార్లూ కళ్లు మూతపడవు. ఉదయం టిఫిన్‌తో వేస్తే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. ఈ ఒక్క మాట కవరు మీద రాసిచ్చే షాపు ఎక్కడుందో వెతకాలి. చక్కెర సంగతి మరీ మోసం. పొద్దున వేసిన డెక్సా మధ్యాహ్నం తర్వాత చక్కెరను ఎగదోస్తుంది. పరగడుపున వేలు పొడిచి చూస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

అలాగని భయపడి ఒక్కసారిగా ఆపేస్తే అదొక ప్రమాదం. వారాల తరబడి బయటి నుంచి వస్తుంటే ఒంట్లో సొంత స్టిరాయిడ్ తయారీ అటకెక్కుతుంది. ఉన్నట్టుండి ఆపితే రక్తపోటు జారిపోయి మనిషి కుప్పకూలవచ్చు. మెల్లగా తగ్గిస్తూ రావాలి. ఎవరు తగ్గించాలి? రాసిచ్చిన డాక్టరు దూరంలో ఉన్నాడు. పాత చీటీ చూపిస్తే షాపతను పదేపదే ఇస్తూనే ఉంటాడు. చీటీ మీద మొదలుపెట్టిన తేదీ ఉంటుంది, ఆపే తేదీ ఉండదు.

ఇదే కవర్లో ఉండాల్సిన మార్ఫిన్ కథ దీనికి పూర్తిగా తిరగబడింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం దాన్ని ఎంత బిగించిందంటే, నొప్పితో అరిచే రోగికి అది అందడమే గగనమైంది. 1993లో కోళికోడ్‌లో చిన్న క్లినిక్ తెరిచిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 2014లో సవరణ వచ్చింది. ఆ మందుకు తాళాల మీద తాళాలు వేశారు, ఈ మందుకు తలుపే పెట్టలేదు. దెబ్బ తిన్నది రెండుచోట్లా ఆ మంచం మీది మనిషే.

తలుపంటే కొత్త చట్టమని కాదు. చీటీ మీద తెలుగులో మూడు ముక్కలు చాలు: ఎందుకిచ్చారు, ఎన్నాళ్లు, ఎలా తగ్గించాలి. ఆకలి కోసమే అయితే వేరే దారీ ఉంది. పక్కనే పుదుచ్చేరి జిప్‌మర్‌లో కీమో తీసుకుంటున్న 124 మందితో చేసిన పరీక్షలో, రెండున్నర మిల్లీగ్రాముల ఒలాంజపిన్ ఇచ్చినవాళ్లలో 60 శాతం మంది బరువు అయిదు శాతానికి పైగా పెరిగింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో అలా పెరిగింది 9 శాతమే. 2023లో వచ్చిన ఈ ఫలితం కీమోలో ఉన్నవాళ్లది. మంచం పట్టినవాళ్లకు ఎంత వర్తిస్తుందో డాక్టరే చెప్పాలి, అడగాల్సింది ఇంట్లోవాళ్లు.

ఇక ఇంటికొచ్చి చూసే మనిషి. నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ సేవల జాతీయ పథకం 2012 నుంచీ కాగితం మీద ఉంది. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల పన్నెండు సేవల్లోనూ ఆ మాట ఉంది. తెలంగాణలో ‘ఆలన’ వాహనాలు మంచంలో ఉన్న రోగుల ఇళ్లకే వెళుతున్నాయి. చంద్రగిరి మండలంలో అలాంటి సేవ అందడానికి కోట్లు అక్కర్లేదు. పల్లె క్లినిక్‌లో ఉన్న నర్సమ్మకు ఒక గ్లూకోమీటరు, నోరు తెరిచి చూడటానికి టార్చిలైటు, సందేహం వస్తే తిరుపతిలో ఎత్తే ఒక ఫోను నంబరు ఇస్తే మొదలుపెట్టొచ్చు. ఆమె ఆ ఇంటికి పొద్దున కాదు, సాయంత్రం నాలుగింటికి వెళ్లాలి. పెరిగిన చక్కెర పట్టుబడేది అప్పుడే.

ఆ ఫోను రాత్రిపూట కూడా మోగాలి. చివరి రోజుల్లో పెద్దాయన మాత్ర మింగలేని స్థితికి వస్తాడు. ఆకలి కోసం ఇచ్చిందైతే ఇక ఆపేయమని చెప్పొచ్చు. మెదడు వాపు కోసమైతే ఆపగానే తలనొప్పి, మూర్ఛలు తిరగబెట్టొచ్చు, చర్మం కింద సూదిగా మార్చి ఇవ్వాల్సి రావచ్చు. చీటీలో ఎందుకిచ్చారో రాసి లేకపోతే, రాత్రి పదింటికి ఫోను ఎత్తిన మనిషి కూడా అటువైపు నుంచి అడిగే కోడలికి ఏ జవాబూ చెప్పలేరు.