డొక్కలో దెబ్బ పెట్టుబడి కాదు

బాక్సింగ్ పోటీ తల మీద తేలుతుందన్న నమ్మకం ప్రేక్షకుల్లోనూ, వ్యాఖ్యాతల్లోనూ, చాలామంది శిక్షకుల్లోనూ ఎంతగా పాతుకుపోయిందంటే, దాన్ని ఒక అభిప్రాయమని కూడా ఎవరూ అనుకోవడం లేదు. దవడ మీద పడ్డ గుద్దే గెలిపిస్తుందని, పొట్ట మీద, పక్కటెముకల మీద కొట్టేవన్నీ దానికి తోడు దెబ్బలేనని ఆ నమ్మకం చెబుతుంది. దీనికి మొరటు రూపం ఒకటుంది, మర్యాద రూపం ఒకటుంది. మొరటు రూపం బాడీ పంచ్‌ను, అంటే మెడకు దిగువన, బెల్టు గీతకు ఎగువన, మొండెం ముందువైపునా పక్కలనా కొట్టే దెబ్బను, లెక్కలోకే తీసుకోదు. మర్యాద రూపం మాత్రం దాన్ని మెచ్చుకుంటూనే మాట్లాడుతుంది: అది బ్యాంకులో వేసిన డిపాజిట్ లాంటిదని, మొదటి రౌండ్లలో ఓపికగా వేస్తూపోతే చివరి రౌండ్లలో వడ్డీతో తిరిగి వస్తుందని, ప్రత్యర్థి అలసి చేతులు దించినప్పుడు తల దొరుకుతుందని అంటుంది. శరీరాన్ని చంపితే తల దానంతటదే చస్తుందన్న పాత జిమ్ సామెత సారం కూడా ఇదే.

ఈ రెండింటిలో ఎక్కువ చెరుపు చేసింది రెండోదే. మొరటు మాటను ఒక్క మంచి పోటీ చూపించి ఖండించవచ్చు. పొగడ్త వేషంలో వచ్చిన చిన్నచూపును పట్టుకోవడం కష్టం. శరీరం తలకు దారి మాత్రమేనని, ఆ దారి చాలా పొడవని నేర్చుకున్న కుర్రవాడు, మూడు రౌండ్ల పోటీలో మొత్తం తొమ్మిది నిమిషాలే చేతిలో ఉన్నప్పుడు, వడ్డీ పండే దాకా ఆగే వ్యవధి లేదని లెక్కవేసుకుని ఆ దారినే వదిలేస్తాడు. ఆ లెక్క తప్పు. బాడీ పంచ్ రేపటికి దాచే సొమ్ము కాదు, తగిలిన క్షణంలోనే పని చేసే ఆయుధం.

మొండెం ఎలా అమరి ఉందో చూస్తేనే ఈ సంగతి సగం తేలిపోతుంది. కుడి డొక్కలో, చివరి పక్కటెముకల చాటున, దాదాపు కిలోన్నర బరువుండే కాలేయం ఉంటుంది. కాలేయపు కండకు నొప్పి తెలియదు గానీ, దాన్ని కప్పి ఉంచే పల్చని తొడుగు నిండా నాడులు అల్లుకుని ఉంటాయి. కుడిచేతి వాటం బాక్సర్ ఎడమ కాలు ముందుకు వేసి నిలబడతాడు గనుక, అతని ఎడమ హుక్, అంటే మోచేతిని వంచి పక్కనుంచి కొడవలిలా విసిరే దెబ్బ, ఎదుటివాని కుడి డొక్కకే సూటిగా చేరుతుంది. ఆ దెబ్బకు ఆ తొడుగు అదిరినప్పుడు, గుండె వేగాన్నీ రక్తపోటునూ అదుపుచేసే వేగస్ నాడి ఒక్కసారిగా స్పందించి రెండింటినీ పడగొడుతుందని, అందుకే మనిషి కాళ్లలో సత్తువ లేక కూలిపోతాడని వైద్యులు సాధారణంగా వివరిస్తారు. మనసు స్పష్టంగా ఉంటుంది, రిఫరీ లెక్కపెట్టే అంకెలు వినబడుతూనే ఉంటాయి, అయినా శరీరం మాట వినదు. తెలుగులో ఆయువుపట్టు అన్న మాటకు ఇంతకంటే సరైన చోటు దొరకడం కష్టం.

ఈ దెబ్బకున్న మరో లక్షణం ఆలస్యం. 2023 ఏప్రిల్ 22న లాస్ వేగాస్‌లో గెర్వాంటా డేవిస్ ఏడో రౌండులో కొట్టిన ఎడమచేతి దెబ్బ ర్యాన్ గార్సియా డొక్కకు తగిలినప్పుడు గార్సియా వెంటనే పడలేదు. వెనక్కి అడుగులు వేశాడు, నొప్పి పైకి పాకేదాకా ఒక్క క్షణం ఏమీ కానట్టే కనిపించాడు, ఆ తరువాత ఒక మోకాలు నేలకు ఆనించి, లెక్క ముగిసేదాకా లేవలేకపోయాడు. తలకు తగిలిన దెబ్బ కళ్లముందే మనిషిని ఊపేస్తుంది గనుక అందరికీ అర్థమవుతుంది. డొక్కకు తగిలినది లోపల పని చేస్తుంది గనుక, దాని విలువ తెలియాలంటే చూసేవారికి కొంత చదువు కావాలి. తలదే అసలు దెబ్బ అన్న నమ్మకానికి మూలం కంటి అలవాటే.

కాలేయం ఒక్కటే కాదు. రొమ్ము ఎముక చివరకు కాస్త దిగువన, పొట్ట లోపల, నాడులు గుత్తిగా ముడిపడ్డ చోటును సోలార్ ప్లెక్సస్ అంటారు. అక్కడ దెబ్బ పడితే, ఊపిరి పీల్చడానికి ఆధారమైన ఉదరవితానం, అంటే ఛాతీకీ పొట్టకూ మధ్య గొడుగులా ఉండే కండర పొర, బిగుసుకుపోయి గాలి లోపలికి రాదు. పక్కటెముకల్లో చివరి రెండు జతలు, అంటే పదకొండు, పన్నెండు, ముందువైపు దేనికీ అతుక్కుని ఉండవు గనుక అక్కడ రక్షణ పలచన. పొట్ట కండలు రాయిలా గట్టిపడితే ఇవేవీ పనిచేయవని, బరువైన మెడిసిన్ బంతితో పొట్ట మీద కొట్టించుకుంటే చాలని అనేవారున్నారు. బిగబట్టిన కండ కొంత కాస్తుంది, నిజమే. కానీ గాలి పీల్చే క్షణంలో ఏ బాక్సర్ పొట్టా బిగువుగా ఉండదు, మంచి బాడీ పంచర్ వేచి ఉండేది ఆ క్షణం కోసమే.

డిపాజిట్ వాదానికి గట్టి జవాబు పోటీల చరిత్రలోనే ఉంది. బాడీ పంచ్ చివరి రౌండ్లలోనే ఫలిస్తుందన్నది నిజమైతే తొలి రౌండ్లలో దానితో పోటీలు ముగియకూడదు. 1998 ఏప్రిల్‌లో రాయ్ జోన్స్ జూనియర్ కుడిచేతి దెబ్బ ఒకటి పక్కటెముకల మీద పడి వర్జిల్ హిల్ కూలినది నాలుగో రౌండులో. 2007 జూన్‌లో రికీ హాటన్ ఎడమ హుక్‌కు హోసే లూయిస్ కాస్తియో లేవలేకపోయినదీ నాలుగో రౌండులోనే. 2013లో గెన్నాడీ గొలోవ్‌కిన్ కాలేయం మీద కొట్టి మాథ్యూ మాక్లిన్‌ను ఆపినది మూడో రౌండులో. 2019 మేలో గ్లాస్గోలో జపాన్ బాక్సర్ నవోయా ఇనోవే, అప్పటికి ఓటమి ఎరుగని ఎమ్మాన్యుయెల్ రోడ్రిగెజ్‌ను మొండెం దెబ్బలతో నేలకూల్చి ముగించినది రెండో రౌండులో. వీటిలో దేనిలోనూ వడ్డీ పండేంత కాలం గడవలేదు. వీరిలో ఎవరూ అలసిపోయి పడలేదు, దెబ్బ తిని పడ్డారు.

అన్నిటికంటే స్పష్టమైనది 1997 ఏప్రిల్ 12 నాటి పోటీ. అమెరికన్ బాక్సర్ మికీ వార్డ్ ఆ రోజు అల్ఫోన్సో సాంచెజ్ చేతిలో రౌండు తరువాత రౌండు ఓడిపోతూ వచ్చాడు. పాయింట్ల మీద అతనికి దారి మూసుకుపోయింది. ఏడో రౌండులో శరీరం మీద పడ్డ ఒక్క ఎడమ హుక్‌తో సాంచెజ్ కూర్చుండిపోయాడు, పది లెక్కపెట్టేలోగా లేవలేదు. ఆరు రౌండ్లుగా చేతికి చిక్కని గెలుపును వార్డ్‌కు ఆ ఒక్క హుక్ తెచ్చిపెట్టింది. అంతటి ఆయుధాన్ని తోడు దెబ్బ అనడం భాషకే అన్యాయం.

నాకౌట్ రాని పోటీల్లోనూ దాని పని తక్కువేమీ కాదు, పైగా వ్యాఖ్యాతలు అతి తక్కువగా మాట్లాడేదీ దీని గురించే. మొండెం మీద రెండు గట్టి దెబ్బలు పడిన బాక్సర్ మోచేతులు తెలియకుండానే డొక్కలకు అతుక్కుంటాయి. మోచేయి దిగితే గ్లవ్ దిగుతుంది, దవడ పక్క తెరుచుకుంటుంది, ఇంతవరకు అందరూ చెప్పేదే. దానికంటే ముఖ్యమైనది, మోచేయి డొక్కకు కాపలా కాస్తున్నంతసేపూ ఆ చేయి ధారాళంగా గుద్దు విసరలేదు. విసిరితే డొక్క ఖాళీ అవుతుందన్న భయం ఆ చేతిని సగంలోనే ఆపేస్తుంది. అంటే బాడీ పంచ్ ప్రత్యర్థి రక్షణను చెదరగొట్టడమే కాక, అతని దాడిని కూడా కట్టేస్తుంది, అదీ తొలి నిమిషం నుంచే. తలను పక్కకు జరపవచ్చు, వంచవచ్చు, వెనక్కి లాగవచ్చు. మొండెం మాత్రం శరీరం బరువంతటికీ నడిమి చోటు గనుక కాళ్లు కదిలితే తప్ప కదలదు. చురుకైన తలను వెతుక్కుంటూ గాలిలో గుద్దులు పారబోసుకునే బాక్సర్ ముందు, కదలలేని గురి ఒకటి ఎప్పుడూ నిలిచే ఉంటుంది. 2019 నవంబరులో సైతామాలో నొనీతో డొనైర్‌తో తలపడినప్పుడు ఇనోవేకు కంటిగూటి ఎముక చిట్లింది, చూపు చెదిరింది. అంత కష్టంలో పదకొండో రౌండులో అతడు డొనైర్‌ను నేలకు దించినది శరీరం మీది ఎడమచేతి దెబ్బతోనే, ఆ పోటీ జడ్జీల నిర్ణయంతో అతనికే దక్కింది.

ఎదుటి పక్షం వాదాల్లో బరువున్నవి లేకపోలేదు. శరీరం మీద కొట్టాలంటే దగ్గరికి వెళ్లాలి, మోకాళ్లు వంచాలి, ఆ క్షణంలో తన తల ఎదుటివాని అప్పర్‌కట్‌కు, అంటే కిందినుంచి పైకి లేచే గుద్దుకు, అందుతుందన్నది నిజం. అయితే అది నడుము వంచి, తల ముందుకు తోసి కొట్టేవాని సమస్య. ముందు జాబ్‌తో, అంటే ముందు చేతి సూటి గుద్దుతో, ఎదుటివాని చూపు కట్టి, తలను మధ్యగీత నుంచి పక్కకు తప్పించి, మోకాళ్ల మీద దిగి, కొట్టిన వైపునుంచే బయటికి నడిచేవానికి ఆ అపాయం తల మీద కొట్టేటప్పటికంటే ఎక్కువేమీ కాదు. ఇది నేర్పవలసిన పద్ధతి, మానవలసిన పని కాదు.

రెండో వాదం కిన్షాసా పోటీని సాక్ష్యం పిలుస్తుంది. 1974 అక్టోబరు 30న మహమ్మద్ అలీ తాళ్లకు ఆనుకుని నిలబడితే జార్జ్ ఫోర్‌మన్ ఏడు రౌండ్ల పాటు శరీరం మీద బాదాడు కదా, చివరికి ఎనిమిదో రౌండులో పడినది ఫోర్‌మనే కదా అంటారు. ఆ పోటీ చిత్రాన్ని నిదానంగా చూస్తే, ఆ గుద్దుల్లో పెద్ద పాలు అలీ మోచేతుల మీద, ముంజేతుల మీద పడ్డాయని కనిపిస్తుంది. చేతుల మీద పడినది బాడీ పంచ్ కాదు. ముందుచూపు లేకుండా, గురి లేకుండా, బలం మీదే భరోసాతో బాదినవాడు ఓడిపోయాడు; ఆ ఓటమిని బాడీ పంచ్ ఖాతాలో రాయడం న్యాయం కాదు.

బెల్టు కింద దెబ్బ అని రిఫరీ అంటాడేమోనన్న భయం మూడోది. 2023 ఆగస్టులో పోలండ్‌లో జరిగిన హెవీవెయిట్ పోటీ ఐదో రౌండులో డేనియల్ డుబోయిస్ దెబ్బకు ఒలెక్సాండర్ ఉసిక్ పడిపోతే రిఫరీ దాన్ని బెల్టు కింద దెబ్బగా తేల్చి విశ్రాంతి ఇచ్చాడు, తొమ్మిదో రౌండులో ఉసిక్ గెలిచాడు, ఆ తీర్పు మీద చాలా వాదం నడిచింది. భారతంలో గదాయుద్ధానికీ నాభి దిగువన కొట్టరాదన్న నియమమే ఉంది, అది తప్పినందుకే బలరాముడు భీముని మీద మండిపడ్డాడు. గీత ఉన్నది దానికి ఎగువన ఉన్నదంతా ధర్మమని చెప్పడానికే.

అసలు చిక్కు అమెచ్యూర్ బాక్సింగ్‌లో, అంటే ఒలింపిక్స్, ప్రపంచ చాంపియన్‌షిప్‌ల తరహా పోటీల్లో ఉంది. 1992 బార్సిలోనా నుంచి 2012 లండన్ దాకా ఒలింపిక్స్‌లో జడ్జీలు మీటలు నొక్కి పాయింట్లు ఇచ్చారు. ఆ కాలంలో చాలా భాగం, ఐదుగురిలో ముగ్గురు ఒక సెకను వ్యవధిలో నొక్కితేనే ఆ దెబ్బ లెక్కలోకి వచ్చేది. తల వెనక్కి ఎగిరితే ముగ్గురికీ ఒకేసారి కనిపిస్తుంది, డొక్కలో పడిన హుక్ ఒకరిద్దరికే కనిపిస్తుంది. ఇరవై ఏళ్ల పాటు ఒక తరం శిక్షకులు ఆ మీటలకు తగ్గట్టు కుర్రవాళ్లను తయారుచేశారు: తాకి తప్పుకోవడం, తలను మాత్రమే తాకడం. 2013లో ఆ పద్ధతి పోయి, రౌండు గెలిచినవారికి పది, ఓడినవారికి తొమ్మిదో అంతకు తక్కువో ఇచ్చే పద్ధతి వచ్చింది. ఇప్పటి నిబంధనల్లో తలకూ మొండేనికీ తేడా లేదు. గురి ప్రాంతంలో పడిన నాణ్యమైన దెబ్బలను, పోటీ మీద పట్టును జడ్జీలు చూస్తారు. మీటలు పోయాయి గానీ వాటి కోసం నేర్పిన అలవాటు ఇంకా పోలేదు. మూడు రౌండ్ల పోటీలోనే మొదటి రౌండులో ఎదుటివాని చేతులు కట్టేసే ఆయుధం మరింత అవసరమన్న సంగతి శిక్షణలోకి రావాలి. నిజామాబాద్ నుంచి వచ్చిన నిఖత్ జరీన్ 2022, 2023లలో ప్రపంచ చాంపియన్ కావడం చూసి తెలంగాణలోనూ ఆంధ్రలోనూ ఎందరో ఆడపిల్లలు గ్లవ్‌లు తొడుక్కుంటున్న వేళ, వారికి తొలి ఏడాదిలోనే మోకాలు వంచి డొక్క మీద కొట్టడం నేర్పకపోవడం పెద్ద నష్టం.

ఆ నష్టాన్ని పతకాల్లో మాత్రమే లెక్కించకూడదు. తలకు పదేపదే దెబ్బలు తిన్న బాక్సర్ల మెదడు చెడుతుందని అమెరికన్ వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ 1928లోనే రాశాడు. 1982 నవంబరులో రే మాన్సినీతో తలపడిన దక్షిణ కొరియా బాక్సర్ కిమ్ డక్ కూ మెదడులో రక్తస్రావమై మరణించిన తరువాతే పదిహేను రౌండ్ల పోటీలు పన్నెండుకు తగ్గడం మొదలైంది. మొండెం దెబ్బకు పక్కటెముక విరగవచ్చు, లోపలి అవయవానికి గాయమూ కావచ్చు, దాన్ని తేలిక చేయకూడదు. కానీ పేరు మరిచిపోయే ముసలితనాన్ని అది తెచ్చిపెట్టదు. 2004 సెప్టెంబరు 18న బెర్నార్డ్ హాప్కిన్స్ ఎడమ హుక్ డొక్కకు తగిలి తొమ్మిదో రౌండులో పడిపోయిన ఆస్కార్ డి లా హోయా, లేవలేని బాధలో గ్లవ్‌తో నేలను బాదాడు. తన ఓటమిని తాను పూర్తి తెలివితో చూస్తున్న మనిషి చేసిన పని అది.

అంతకు 107 ఏళ్ల ముందు, 1897 మార్చి 17న నెవాడాలోని కార్సన్ సిటీలోనూ ఇదే జరిగింది. హెవీవెయిట్ చాంపియన్ జేమ్స్ కార్బెట్ తనకంటే బరువు తక్కువైన బాబ్ ఫిట్జ్‌సిమన్స్‌ను ఆరో రౌండులో పడగొట్టాడు, నేర్పులో తనదే పైచేయిగా పద్నాలుగో రౌండు దాకా వచ్చాడు. అక్కడ ఫిట్జ్‌సిమన్స్ ఎడమచేతి దెబ్బ ఒకటి సోలార్ ప్లెక్సస్ మీద పడింది. కార్బెట్ స్పృహ తప్పలేదు. ఊపిరి ఆడక, తాళ్ల వైపు చేయి చాస్తూ, పది లెక్కపెట్టే దాకా పాకుతూ ఉండిపోయాడు. ఊపిరి తిరిగి వచ్చాక లేచి, పోటీ అయిపోయిందన్నా వినకుండా ఫిట్జ్‌సిమన్స్ మీదికి పోబోతే చుట్టూ ఉన్నవారు పట్టుకుని ఆపవలసి వచ్చింది.