తాత తుపాకీకి వీడియో కాల్ రిపేరా?

మదనపల్లె దగ్గర మా ఊళ్ళో, చెనిక్కాయ చేలో అడవిపందులు పడకుండా తాత లైసెన్సుతో పెట్టుకున్న మందు కూరే తుపాకీ అది. తాత పోయాక దాన్ని అక్కడి పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పి, రసీదు తీసుకుని బొమ్మనహళ్ళికి తిరిగొచ్చాం. అప్పట్నుంచీ టెక్సస్‌లో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయికి మా మీద కోపం. "ఎందుకిచ్చేశార్రా? ఇంటికి తెచ్చుంటే వీడియో కాల్‌లో నేను చెప్తూ బాగుచేయించేవాణ్ణి కదా" అంటాడు.

అన్న మీద గౌరవం ఉంది. కానీ ఇది సాయం కాదని మేము గట్టిగానే చెప్తున్నాం.

అమెరికాలో చాలా చోట్ల సొంత తుపాకీని గ్యారేజీలో బాగుచేసుకోవడం మామూలే. ఇక్కడ 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం, తుపాకీ రిపేరుకి కూడా లైసెన్సు కావాలి. ఫోన్లో చెప్పేవాడు టెక్సస్‌లో క్షేమంగా ఉంటాడు, స్క్రూ తిప్పినవాడు ఇక్కడ కేసులో ఇరుక్కుంటాడు.

"అది పాత సామాను, చట్టం వర్తించదు" అన్నది అన్న రెండో వాదన. 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చేది రిపేరు చేసినా పేలని వాటికే. బాగుచేసి పేలుద్దామనుకుంటే ఇక ఆ మినహాయింపు ఎక్కడిది? "కూర్గులో లైసెన్సే అక్కర్లేదట" అని మా వీధిలో ఒకాయన సలహా. ఆ వెసులుబాటు కొడవలకీ, జమ్మా భూముల హక్కుదారులకీ. చిత్తూరు జిల్లా నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డ మనకి కాదు.

చట్టం పక్కన పెట్టినా, చేతిపని కెమెరాకి లొంగదు. గొట్టం లోపల తుప్పు ఎంత తిన్నదో, ఎప్పుడో కూరిన మందు ఇంకా అందులోనే ఉందో, స్క్రీన్ మీద ఎట్లా తెలుస్తుంది? తెలియక పొరబడితే పోయేది చెప్పినవాడి వేళ్ళు కాదు.

మరి దూరాన ఉన్నవాళ్ళు ఏమీ చేయలేరా? చేయగలరు. స్టేషన్‌లో పెట్టిన ఆయుధాన్ని గడువులోగా లైసెన్సుతో ఎవరూ విడిపించుకోకపోతే అది ప్రభుత్వపరం అవుతుంది. వారసుల్లో ఒకరి పేరున లైసెన్సు అడగాలంటే, మిగతావాళ్ళు అభ్యంతరం లేదని రాసివ్వాలి. మా ఇంట్లో అందరూ సంతకం పెట్టారు, అన్న తప్ప. రిపేరు చెప్పడానికి గంటలు గంటలు ఉన్నాయి గానీ, హ్యూస్టన్ కాన్సులేట్‌కి వెళ్ళి ఆ కాగితం ధృవీకరించి పంపడానికి తీరిక లేదట!

మనలో చాలా ఇళ్ళలో ఇదే వరస. ఊళ్ళో ఇల్లు కురిసినా, బావి పూడినా, ఎక్కడెక్కడి నుంచో సలహాలు కురుస్తాయి. అడిగిన సంతకం మాత్రం రాదు.

లైసెన్సు వస్తే, రిపేరు లైసెన్సున్న పనివాడికే తుపాకీ చూపిస్తాం. కూలి మేమే ఇస్తాం. అన్నా, నువ్వు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి పెన్ను తియ్యి. తాత గుర్తు మన ఇంటికి రావాలంటే నీ నుంచి కావలసింది అదొక్కటే.