తండ్రి పేరుండే చోట అడ్డగీత

బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు రాసే చోట ఓ చిన్న అడ్డగీత. అంతే, పేరుండదు. సోవియట్ యూనియన్‌లో ఒక తరంలో ఎంతోమంది పిల్లలు ఇలాంటి కాగితంతోనే పెరిగారు. ఎందుకలా అంటారా?

రెండో ప్రపంచ యుద్ధంలో ఆ దేశం సుమారు 2 కోట్ల 70 లక్షల మందిని పోగొట్టుకుంది. పోయినవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. ఇక జనాభా పెరగాలి కదా! 1944 జూలైలో కొత్త చట్టం తెచ్చారు. పెళ్లి రిజిస్టరు కాకుండా బిడ్డను కన్న తల్లి, ఫలానా ఆయనే తండ్రి అని కోర్టుకెక్కడానికి వీల్లేదు. భరణం అడగడానికీ వీల్లేదు. ఆయనగారు హాయిగా చేతులు దులుపుకోవచ్చు! బదులుగా సర్కారే ఆమెకు నెలనెలా కొంత డబ్బిచ్చేది. పదిమందిని కని పెంచిన అమ్మకు ‘వీరమాత’ బిరుదు కూడా ఆ చట్టంతోనే వచ్చింది. ‘వీరపిత’ మాత్రం లేడు సుమండీ. తండ్రెవరో కోర్టులో తేల్చుకునే వీలు మళ్లీ 1968లో గానీ రాలేదు.

ఒకప్పుడు ‘సోవియట్ భూమి’ పత్రిక నున్నటి కాగితాలతో పిల్లల పుస్తకాలకు అట్టలు వేసిన అక్కయ్యలకు ట్రాక్టరు నడిపే ఆడవాళ్ల ఫొటోలు గుర్తుండే ఉంటాయి. మరి పొయ్యి దగ్గర నిలబడ్డ మగవాడి ఫొటో గుర్తుందా?

తూర్పు జర్మనీ సంగతి మరీ తమాషా. అక్కడ 1952 నుంచి ఉద్యోగం చేసే ఇల్లాళ్లకు నెలకో రోజు జీతంతో సెలవు ఇచ్చేవారు, ఇంటిపని కోసం! వినడానికి బాగుంది కదూ? కానీ ఆ సెలవు ఆడవాళ్లకే. అంటే బట్టలుతకడం ఎవరి పనో సర్కారే తేల్చేసిందన్నమాట. ఒంటరిగా పిల్లల్ని పెంచే తండ్రికి కూడా దొరకడానికి 1977 దాకా ఆగాల్సి వచ్చింది.

నటాలియా బరాన్‌స్కయా అనే రచయిత్రి 1969లో రష్యన్‌లో ఓ పెద్ద కథ రాశారు. అందులో ఓల్గాకు లేబొరేటరీలో ఉద్యోగం, ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఇంటిపనికి వారానికి ఎన్ని గంటలు పడుతుందో రాయమని ఆఫీసులో ఓ ఫారం ఇస్తారు. లెక్క వేసుకునే తీరికేదీ ఆ తల్లికి! భర్త చెడ్డవాడేం కాదు. కానీ చివరికి ఆయనకు తోచిన ఉపాయం, ఆమె ఉద్యోగం మానేసి ఇంట్లో ఉండటం.

బ్రిటన్‌కు చెందిన సారా ఆష్విన్ సంపాదకురాలిగా 2000లో ఈ విషయం మీద ఓ పుస్తకం వచ్చింది. సర్కారే ఇంటి పెద్ద స్థానంలో కూర్చుందనీ, తల్లితో నేరుగా ఒప్పందం చేసుకుందనీ, మగవాడి విలువంతా ఫ్యాక్టరీ పనిలోనే మిగిలిందనీ అందులోని పరిశోధకుల వాదన. నాకైతే ఇది సబబుగానే తోస్తుంది. మగవాడు మొద్దుబారిపోలేదు. ఇంట్లో అతనికంటూ ఓ పని చూపించిన వాళ్లు లేరు, అంతే.

1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక ఫ్యాక్టరీల పిల్లల కేంద్రాలు చాలా మూతపడ్డాయి. ఇల్లు పోషించాల్సింది నువ్వేనని మగవాడికి మళ్లీ చెప్పారు. సరిగ్గా అప్పుడే ఎన్నో చోట్ల నెలల తరబడి జీతాలు రాలేదు. ఆ రోజుల్లో చాలా ఇళ్లను లాక్కొచ్చింది అమ్మా, అమ్మమ్మా.